కణితిలో ప్రియాన్ ఉందట, అన్నయ్య పళ్ళెం వేరుగా కడగాలా?

ప్రశ్న: నా వయసు 44. మా అన్నయ్యకు 51. మూడు నెలల కిందట అన్నయ్యకు పెద్దపేగు కేన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి కణితి తీసేశారు. స్టేజ్ 3 అన్నారు, ఇప్పుడు కీమో నడుస్తోంది. బయోటెక్నాలజీ చదువుతున్న మా అబ్బాయి ఏదో పరిశోధన వ్యాసం చూసి, "పెద్దపేగు కేన్సర్ కణాల్లో ప్రియాన్ ప్రొటీన్ ఎక్కువగా ఉంటుందట అమ్మా" అన్నాడు. ప్రియాన్ అంటే ఏమిటా అని వెతికితే పిచ్చి ఆవు వ్యాధి, మెదడు స్పంజిలా అయిపోవడం, మందు లేదనడం, ఇవే కనిపించాయి. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. విషయం వదిన చెవిన కూడా పడింది. ఆవిడ అన్నయ్య పళ్ళెం, గ్లాసు వేరుగా పెట్టి మరిగే నీళ్ళతో కడుగుతోంది. అన్నయ్య ఏమీ అనడు గానీ చూస్తూ కూర్చుంటాడు. ఇది ఇంట్లోవాళ్ళకు అంటుకుంటుందా? మా పిల్లలకు వస్తుందా? ప్రియాన్ పరీక్ష చేయించాలా? ప్రియాన్‌ను తగ్గించే మాత్రలని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, కొనమంటారా?

జవాబు: ముందు పళ్ళెం సంగతి చూద్దామమ్మా. దాన్ని అందరి పళ్ళేలతో కలిపి మామూలుగా కడిగేయమని వదినగారికి ఈ రోజే చెప్పండి. కేన్సర్ అంటుకోదు. మీ అబ్బాయి చదివిన ప్రియాన్ ప్రొటీనూ అంటుకోదు. ఇంకో మాట. వదినగారు భయపడుతున్నది నిజంగా ఆ మెదడు జబ్బు గురించే అయితే, మరిగే నీళ్ళు దానికి ఏ మూలకూ చాలవు. ఆ జబ్బు ఉన్నవాళ్ళకు వాడిన ఆపరేషన్ పరికరాలను 134 డిగ్రీల ఆవిరిలోనో, కాస్టిక్ సోడా ద్రావణంలోనో ఉంచితే గానీ శుద్ధి అయినట్టు లెక్కవేయరు. అంటే ఆవిడ పడుతున్న శ్రమ అవసరమూ లేదు, అవసరమే అయితే సరిపోయేదీ కాదు.

మీ అబ్బాయి చెప్పింది తప్పు కాదు. మీరు వెతికి చదివిందీ తప్పు కాదు. అవి రెండు వేరువేరు సంగతులు. పేరొకటే కావడంతో వచ్చిన చిక్కిది.

ఆ పేరు ఎలా వచ్చిందో చూస్తే సగం భయం పోతుంది. గొర్రెలకు స్క్రేపీ అని ఒక మెదడు జబ్బు ఉంది. దాన్ని అంటించేది వైరస్ కాదు, బ్యాక్టీరియా కాదు, ఉత్త ప్రొటీనే అని స్టాన్లీ ప్రూసినర్ అనే అమెరికన్ డాక్టరు 1982లో ప్రకటించి, దానికి ప్రియాన్ అని పేరు పెట్టాడు. చాలామంది నవ్వారు. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ లోపు తేలిన విచిత్రం ఏమిటంటే, ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు జబ్బు గొర్రెల్లోనే కాదు, ఆరోగ్యంగా ఉన్న గొర్రెల్లోనూ ఉంది. మనుషుల్లోనూ ఉంది, మన 20వ క్రోమోజోమ్ మీద. మీలో ఉంది, నాలో ఉంది, మీ అబ్బాయిలో ఉంది. బయటినుంచి వచ్చిన దొంగ అనుకున్నది తీరా చూస్తే ఇంటిమనిషే, కాకపోతే బుద్ధి తప్పినవాడు. కానీ అప్పటికే దొంగ పేరు ఊరంతా పాకిపోయింది. బుద్ధిగా ఉన్నవాడినీ అదే పేరుతో పిలవాల్సి వచ్చింది. శాస్త్రవేత్తలు కాస్త ఓపిక పట్టి మంచివాడికి వేరే పేరు పెట్టి ఉంటే మీకు ఈ నిద్రలేని రాత్రులు ఉండేవి కావు.

బుద్ధి తప్పడం అంటే ఇక్కడ మడత మారడం. ప్రొటీన్ అంటే పొడవాటి గొలుసు. ఈ ప్రొటీన్ గొలుసులో మొదట 253 అమైనో ఆమ్లాలు ఉంటాయి. కణం దాని రెండు చివరలనూ కత్తిరించి, 208 మిగిల్చి, తోకకు ఒక కొవ్వు కొక్కెం తగిలించి, కణపొర బయటి వైపు వేలాడదీస్తుంది. మామూలు మడతలో అది మెత్తగా, విడివిడిగా ఉంటుంది, పని అయ్యాక కరిగిపోతుంది. జబ్బు మడతలో అదే గొలుసు బల్లపరుపుగా మారి, ఒకదాని మీద ఒకటి పేరుకుని పోగులు కడుతుంది. పక్కనున్న మంచి గొలుసులనూ తన మడతలోకి లాగుతుంది. ప్రయోగశాలలో ఈ రెండింటినీ విడదీసి చూడటానికి ఒక పాత పద్ధతి ఉంది. ప్రొటీన్లను నమిలేసే ప్రొటీనేజ్ కె అనే ఎంజైమ్‌ను వాటి మీద వదులుతారు. మామూలు ప్రియాన్ ప్రొటీన్ పూర్తిగా అరిగిపోతుంది. జబ్బుదైతే మధ్యలో ఒక గట్టి ముక్క నమలబడకుండా మిగిలిపోతుంది.

కేన్సర్ పరిశోధనల్లో "ప్రియాన్ ఎక్కువగా ఉంది" అన్నప్పుడు మాట్లాడుతున్నది మొదటి రకం గురించి, అంటే ఇట్టే అరిగిపోయే మామూలు ప్రొటీన్ గురించి. కణితి ముక్కను పలచగా కోసి గాజుపలక మీద పెట్టి, ఆ ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ వేసి, రంగు తెప్పిస్తారు. ప్రొటీన్ ఉన్నచోట గోధుమరంగు వస్తుంది. ఎక్కువ ఉంటే ముదురుగా, తక్కువ ఉంటే లేతగా. ఆ గోధుమరంగు "ఈ ప్రొటీన్ ఇక్కడ ఇంత ఉంది" అని మాత్రమే చెబుతుంది. మీ అన్నయ్యగారి మెదడుకు ఏదో కాబోతోందని దానికి అర్థం లేదు.

మరి ఆ మామూలు ప్రొటీన్‌కు కేన్సర్ కణంలో ఏం పని? నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే. అసలు ఒంట్లో దాని పని ఏమిటో తేల్చడానికే శాస్త్రవేత్తలకు తలప్రాణం తోకకొచ్చింది. 1992లో స్విట్జర్లాండ్‌లో ఆ జన్యువు పనిచేయని ఎలుకలను పుట్టించారు. అవి శుభ్రంగా పెరిగి పిల్లల్ని కన్నాయి. మరుసటి ఏడాది వాటికి స్క్రేపీ ఎక్కించి చూస్తే జబ్బే రాలేదు, చెడగొట్టడానికి మంచి ప్రొటీన్ లేదు కాబట్టి. నార్వేలో కొన్ని పాడి మేకలకు పుట్టుకతోనే ఈ ప్రొటీన్ లేదు. అవీ మామూలుగా మేస్తూ తిరుగుతున్నాయి. లేకపోయినా గడిచిపోయే ప్రొటీనే అనుకున్నారు గానీ, ఆ ఎలుకలు ముసలివయ్యాక చూస్తే కాళ్ళ నరాల మీద ఉండే కొవ్వు తొడుగు దెబ్బతింటున్నట్టు కనిపించింది. అంటే దానికీ ఒక పని ఉంది, కాకపోతే నిదానంగా తెలిసే పని.

ఈ ప్రొటీన్ రాగి అణువులను పట్టుకుంటుంది. కణపొర మీద నిలబడి చుట్టుపక్కల ప్రొటీన్లతో చేతులు కలుపుతుంది. దానికి కణం లోపలికి వెళ్ళే భాగం లేదు. గుమ్మం బయట నిలబడి, లోపలికి పోగల వాళ్ళ చేత కబురు పంపించే రకం. బతకమనో, పెరగమనో, అంటుకోమనో, కదలమనో కబుర్లు అలా లోపలికి పోతుంటాయి. మామూలు కణంలో ఇదంతా ఒద్దికగా సాగుతుంది. కేన్సర్ కణానికి కావాల్సినవి కూడా సరిగ్గా ఆ కబుర్లే. చావకుండా ఉండటం, పెరగడం, చోటు వదిలి పోవడం. అందుకని కణితి దీన్ని ఎక్కువగా తయారుచేసుకుని తన పనికి వాడుకుంటుంది. ఇందులో మడత తప్పడం ఏమీ లేదు. మంచి ఉద్యోగి దొంగల కంపెనీలో చేరినట్టు, అంతే.

క్లోమంలో జరిగేది కొంచెం వేరు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ పరిశోధకులు 2009లో చెప్పినదాని ప్రకారం, క్లోమ కేన్సర్ కణాల్లో ఈ గొలుసు తోక సరిగ్గా కత్తిరించబడదు, కొక్కెం తగలదు. కత్తిరించకుండా మిగిలిన ఆ తోక కణం లోపలికి పొడుచుకుని, కణానికి వాసాల్లా ఉండే పోగులను పట్టి ఉంచే ఫిలమిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుంటుంది. దాంతో కణం ఆకారం, కదలిక మారిపోతాయి. ఈ అసంపూర్తి ప్రొటీన్ కనిపించిన రోగులు తక్కువకాలం బతికారని కూడా వాళ్ళు గమనించారు. చూడండి, ఇక్కడ కూడా తప్పు జరిగింది కత్తిరింపులో. పిచ్చి ఆవు జబ్బులోని మడతతో దీనికి సంబంధం లేదు.

జీర్ణాశయం, అంటే పొట్ట కేన్సర్ విషయంలో చైనా పరిశోధకులు మందులకు లొంగని కణాల్లో ఈ ప్రొటీన్ ఎక్కువగా ఉండటం చూశారు. రొమ్ము కేన్సర్ కణాల్లోనూ, గ్లయోబ్లాస్టోమా అనే మెదడు కణితిలోనూ ఇలాంటివే కనిపించాయి. ఇక మీ అబ్బాయి చదివింది బహుశా పెద్దపేగు కేన్సర్లను జన్యువుల తీరును బట్టి నాలుగు రకాలుగా విడదీసిన పద్ధతికి సంబంధించినది. 2015 నుంచి ఆ వర్గీకరణ వాడుకలో ఉంది. అందులో నాలుగో రకం కణాలు పక్కవాటిని వదిలేసి వలసపోయే స్వభావం ఉన్నవి, కాస్త మొండివి. 2019లో ఫ్రాన్స్ పరిశోధకులు ఈ ప్రొటీన్‌కు ఆ నాలుగో రకంతో లంకె ఉందని చూపించారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. వందల కణితులను కలిపి చూసినప్పుడు కనిపించే ధోరణి వేరు, మీ అన్నయ్యగారి కణితి వేరు. ఆ వ్యాసం ఆయన గురించి రాసింది కాదు. ఆయన కణితిని ఎవరూ ఆ రంగు వేసి చూడలేదు. చూసినా, ఆ ఫలితాన్ని బట్టి డాక్టరుగారు ఇస్తున్న కీమోలో ఒక్క చుక్క కూడా మార్చరు. అందుకే "ప్రియాన్ పరీక్ష చేయించాలా" అన్నదానికి నా జవాబు వద్దనే. ప్రియాన్ జన్యువుకు రక్తపరీక్ష ఉన్నమాట నిజమే, కానీ అది వంశపారంపర్యంగా ప్రియాన్ మెదడు జబ్బు వచ్చే కుటుంబాలకు. ప్రియాన్ జబ్బులన్నీ కలిపి ఏడాదికి పది లక్షల మందిలో ఒకరిద్దరికి వస్తాయి. వాటిలోనూ వంశపారంపర్యంగా వచ్చేవి వందకు పదీ పదిహేను. ఆ పరీక్షకూ పేగు కేన్సర్‌కూ సంబంధం లేదు.

మందు సంగతి. ఈ ప్రొటీన్‌ను అడ్డుకుని కేన్సర్‌ను తగ్గించవచ్చా అనే ప్రయత్నాలు జరుగుతున్నమాట నిజం. బ్రెజిల్ పరిశోధకులు గ్లయోబ్లాస్టోమా మీద చేసిన పని నాకు బాగా నచ్చింది. ఆ కణితి నుంచి విడుదలయ్యే హాప్ అనే ప్రొటీన్ వెళ్ళి ప్రియాన్ ప్రొటీన్‌తో చేయి కలిపితే కణాలు పెరుగుతాయి. ఆ రెండూ కలిసే చోట అచ్చు హాప్ చెయ్యిలాంటి చిన్న ముక్కను ముందే దూర్చేస్తే, అసలు హాప్‌కు పట్టుకోవడానికి చోటు ఉండదు. ఎలుకల్లో అలా చేస్తే కణితి పెరుగుదల తగ్గింది. పెద్దపేగు కేన్సర్ కణాలు నాటిన ఎలుకల్లో ఈ ప్రొటీన్ మీదికి యాంటీబాడీలు వదిలి చూసినవాళ్ళూ ఉన్నారు, అక్కడా కొంత ఫలితం కనిపించింది. ఇవన్నీ ఎలుకల దగ్గర ఆగిన కథలు. ఎలుకల్లో నయమైన కేన్సర్లకు లెక్కలేదు.

మనుషుల దాకా వచ్చినదాన్నీ ఒకటి చెబుతాను, కానీ అది కేన్సర్‌కు కాదు. లండన్‌లో పీఆర్ఎన్100 అనే యాంటీబాడీని క్రూట్జ్‌ఫెల్ట్-జేకబ్ అనే ప్రియాన్ మెదడు జబ్బు ఉన్న ఆరుగురికి ఇచ్చి, ఫలితాలను 2022లో ప్రచురించారు. దానివల్ల పెద్ద హాని కనిపించలేదు. కానీ ఆ ఆరుగురూ బతకలేదు. కేన్సర్‌కు సంబంధించి ఇందులో మనకు పనికొచ్చే విషయం ఒకటే, ఈ ప్రొటీన్ మీదికి మందు పంపడం మనుషుల్లో అసాధ్యమేమీ కాదని. అయితే నాకు ఒక అనుమానం ఉంది, ఇది నా సొంత ఆలోచన. ఈ ప్రొటీన్ కణితిలోనే కాదు, మెదడులో, నరాల్లో, రక్తకణాల్లో అంతటా ఉంటుంది. పేగు కేన్సర్‌కు ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఇప్పటికే చేతివేళ్ళలో, అరికాళ్ళలో తిమ్మిర్లు తెస్తుంది. మీ అన్నయ్యగారికి ఆ మందే ఇస్తుంటే చల్లటి గ్లాసు పట్టుకున్నా వేళ్ళు జివ్వుమంటూ ఉండవచ్చు. నరాలకు ఎంతో కొంత అండగా ఉండే ప్రొటీన్‌ను అదే సమయంలో తీసేస్తే ఏమవుతుంది? కణితికి మాత్రమే తగిలేలా మందు చేయగలిగితే తప్ప ఇది అంత సులువుగా తేలే పని కాదు.

ప్రియాన్ పేరుతో ఇంకో కథ కూడా మీ అబ్బాయికి ఎదురవుతుంది, ముందే చెప్పడం మంచిది. పీ53 అనే ప్రొటీన్ కణంలో కాపలాదారు, కణం చెడితే పెరగకుండా ఆపుతుంది. కేన్సర్లలో దాదాపు సగంలో దాని జన్యువు చెడిపోయి ఉంటుంది. చెడిన పీ53 కొన్నిసార్లు ప్రియాన్ లాగే పోగుపడి, పక్కనున్న మంచి పీ53ను కూడా ఆ కుప్పలోకి లాగేస్తుందని రియో డి జనీరోలో జెర్సన్ సిల్వా బృందం, మన ఐఐటీ బొంబాయిలో సమీర్ మాజీ బృందం, ఇంకా కొందరు చూపించారు. అందుకని దాన్ని "ప్రియాన్ లాంటిది" అంటారు. ఇది వేరే ప్రొటీన్. పోలిక ప్రవర్తనలోనే. ఆ కుప్పలను విడదీసే పెప్టైడ్, అంటే చిన్న ప్రొటీన్ ముక్క ఒకటి అండాశయ కేన్సర్ కణాల మీద పనిచేసినట్టు 2016లో అమెరికాలో చూపించారు. చెడిన పీ53ను మళ్ళీ సరైన ఆకారంలోకి తేవాలని తయారుచేసిన ఎప్రెనెటాపాప్ట్ అనే మందు రోగుల దాకా వెళ్ళింది గానీ, 2020 చివర్లో పెద్ద పరీక్షలో అనుకున్న ఫలితం చూపలేకపోయింది. "ప్రియాన్ లాంటిది" అన్నంత మాత్రాన ఒకరినుంచి ఒకరికి పోతుందని కాదు, కణం లోపలి గొడవ అది.

ఇక ఆన్‌లైన్ మాత్రలు. కొనకండి. ప్రియాన్ ప్రొటీన్‌ను తగ్గించే మందు కేన్సర్‌కు గానీ ప్రియాన్ జబ్బుకు గానీ అనుమతి పొందింది ఒక్కటీ లేదు. కేన్సర్ విషయంలో ప్రపంచంలోని ప్రయోగశాలలు ఎలుకల దగ్గరే కుస్తీ పడుతుంటే, ఆ అమ్మేవాడి దగ్గర సీసాలో సిద్ధంగా ఉందంటే నమ్మడమెలా? డబ్బు పోతే పోయింది, అసలు ప్రమాదం వేరే ఉంది. అలాంటి సీసాల్లో ఏముందో తెలియదు, కీమో మందును కాలేయం విరగ్గొట్టే వేగాన్ని అవి మార్చవచ్చు. ఇప్పటికే కొని వాడుతుంటే దాచకుండా ఆ సీసాను తీసుకెళ్ళి డాక్టరుగారి బల్ల మీద పెట్టండి. తిట్టినా పరవాలేదు.

వదినగారి జాగ్రత్తను మాత్రం వృథా పోనివ్వకండి, దాన్ని సరైన వైపు తిప్పండి. కీమో ఎక్కించాక దాదాపు 48 గంటలపాటు ఆ మందు మూత్రంలో, వాంతిలో బయటికి వస్తుంది. వాటిని శుభ్రం చేసేటప్పుడు చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి, టాయిలెట్ మూత వేసి రెండుసార్లు నీళ్ళు వదలాలి. ఇది మందు నుంచి కాపాడుకోవడానికి, అన్నయ్యగారి నుంచి కాదు. ఇన్ఫెక్షన్ సంగతికొస్తే దారి తిరగబడింది. కీమోతో ఆయన తెల్ల రక్తకణాలు పడిపోతాయి కాబట్టి మననుంచి ఆయనకు అంటే ప్రమాదం ఉంది. జలుబు చేసినవాళ్ళు దూరంగా ఉండాలి. థర్మామీటరు మంచం పక్కనే ఉంచండి. జ్వరం 100.4 ఫారన్‌హీట్, అంటే 38 సెంటీగ్రేడ్ చేరినా, దాటినా, అర్ధరాత్రయినా సరే తెల్లారేదాకా చూద్దామనుకోకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి. పారాసెటమాల్ వేసి జ్వరాన్ని కప్పిపెట్టకండి.

మీ ప్రశ్నల్లో పిల్లల సంగతి ఒకటి మిగిలింది. ప్రియాన్ ద్వారా వాళ్ళకు ఏమీ రాదు. కానీ పెద్దపేగు కేన్సర్‌కు కుటుంబంతో లంకె ఉండవచ్చు. ఈసారి వెళ్ళినప్పుడు బయాప్సీ రిపోర్టు తీసుకుని, "మిస్‌మ్యాచ్ రిపేర్ పరీక్ష చేశారా?" అని అడగండి. కొన్ని రిపోర్టుల్లో దాని బదులు ఎమ్మెస్సై (MSI) అనే పరీక్ష ఉంటుంది, అదీ ఇదే లోపాన్ని పట్టేదే. కణంలో జన్యువులు కాపీ అయ్యేటప్పుడు దొర్లే తప్పులను సరిదిద్దే నాలుగు ప్రొటీన్లు ఉన్నాయా లేవా అని చూసేది మిస్‌మ్యాచ్ రిపేర్ పరీక్ష. వాటిలో ఏదైనా కనిపించకపోతే, లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య సమస్య ఉందేమో వెతుకుతారు. ఉంటే ఆయన పిల్లలకు, మీకు, మీ పిల్లలకు ఏం చేయాలో అక్కడినుంచి జన్యు నిపుణులు చెబుతారు. లేదని తేలితే ఆ ఒక్క టెన్షన్ తీరినట్టే. మీరు పోగేసుకున్న ఆదుర్దా అంతా ఈ ఒక్క ప్రశ్న మీద పెట్టండి, దీనికి జవాబు దొరుకుతుంది.

ఇంకొకటి. మీరు ఉత్తరం నిండా అన్నయ్య గురించి, వదిన గురించి, పిల్లల గురించి రాశారు. మీ గురించి వయసు తప్ప ఏమీ రాయలేదు. తోడబుట్టినవారికి 60 ఏళ్ళలోపు పెద్దపేగు కేన్సర్ వస్తే, మిగతావాళ్ళు 40 ఏళ్ళకే గానీ, వాళ్ళకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ళ ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ, అంటే సన్నటి గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష చేయించుకోవాలి. మీ అన్నయ్యగారికి 51 కాబట్టి మీ లెక్క 40కే మొదలైంది. మీకిప్పుడు 44. పేగులో చిన్న పాలిప్, అంటే బుడిపె ఏదైనా ఉంటే ఆ పరీక్షలోనే తీసేస్తారు, అది కేన్సర్ దాకా పోదు. అన్నయ్యగారిని తర్వాతి కీమోకు తీసుకెళ్ళే రోజున, ఆయన సెలైన్ ఎక్కించుకుంటూ పడుకుని ఉండగా, కిందికి దిగి మీ పేరు మీద కూడా ఒక అపాయింట్‌మెంట్ రాయించుకోండి.